తర్రగోన నుండి వెరోనాకు: ఒక ప్రాచీన ప్రార్థనల పుస్తకము

(మొగల్తూరులో జరిగిన సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము)

శతవార్షికోత్సవముల సందర్భమున ఈ కూటములో మన ఆరాధన క్రమమును గూర్చి మాట్లాడవలెనని పెద్దలు నన్ను కోరినారు. కోరుటకు కారణము మీకందరికిని తెలిసినదే. యౌవనస్థుల కూటములో ఒక తమ్ముడు లేచి, "అయ్యగారూ, పుస్తకములో చూచి చదివేది ప్రార్థన ఎట్లవుతుంది? అది పరిశుద్ధాత్మను అడ్డగించుట కాదా?" అని అడిగినాడు. ఆ ప్రశ్న ఆ ఆదివారముతో ముగియలేదు. రెండు మూడు కుటుంబముల వారు ఆరాధన క్రమము పట్టుకొనుట మానుకొన్నారు కూడ.

ఈ ప్రశ్న మన డెల్టాలో క్రొత్తది కాదు. 19వ శతాబ్దములో బౌడన్, బీర్ దొరలు నరసాపురము వచ్చిన నాటి నుండి, వ్రాసిన ప్రార్థనలను వాడని బ్రెదరన్ సహోదరులు మన ప్రక్కనే ఉన్నారు. వారి భక్తికి నేను తల వంచుదును. కాని మన పుస్తకమును మనము విడువవలెనా, పట్టుకొనవలెనా అని తేల్చుకొనుటకు ముందు అది ఏమి పుస్తకమో తెలిసికొనుట న్యాయము. ఈ సాయంకాలము వాదన తక్కువ చేసి, ఒక పుస్తకము కథ చెప్పెదను. అది మన దేశపుది కాదు. అయినను మన నోటి మాటకు దానికి చుట్టరికము ఉన్నది.

ప్రభు రాత్రి భోజన సంస్కారములో కానుకలు, రొట్టె, ద్రాక్షారసము బల్లయొద్దకు తెచ్చిన తరువాత మనమందరము ఒక చిన్న ప్రార్థన చేయుదుము. యేసును మంచి ప్రధాన యాజకుడవని పిలిచి, శిష్యుల నడుమ ఉన్నట్లు మా నడుమ ఉండుమని వేడుకొందుము. రెండు మూడు వాక్యముల ప్రార్థన. మన పల్లెలలో పలక పట్టని పెద్దలకును అది కంఠస్థము. దీనిని ఎవరు వ్రాసిరని అడిగితే, దొరలు వ్రాసిరని కొందరు, 1947లో సంఘములు ఏకమైనప్పుడు మద్రాసులో వ్రాసిరని కొందరు అందురు. రెండును సరికాదు.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. ఆంగ్లికను, మెథడిస్టు, ప్రెస్బిటీరియను, కాంగ్రిగేషనలు వారు ఒకటైనారు. ఎవరి క్రమము వారిది. ఒకరి పుస్తకమును అందరి నెత్తిన పెట్టినచో ఐక్యత అక్కడే తెగిపోవును. కనుక క్రొత్త క్రమమును సిద్ధపరచినవారు తమ తమ మిషనుల పుస్తకములతో ఆగక, అంతకు వెనుకటి కాలమునకు వెళ్లిరి. సమాధానమును చేతినుండి చేతికి అందించు పద్ధతిని మలబారు సిరియను క్రైస్తవుల నుండి తీసికొనిరి. ఈ చిన్న ప్రార్థనను స్పెయిను దేశపు ప్రాచీన ఆరాధన నుండి తీసికొనిరి. 1950 జనవరిలో మద్రాసు సినడు సభలో ఆ క్రమమును మొదటిసారి వాడిరి. మూలములో ఆ ప్రార్థన, ప్రభువు రొట్టె పట్టుకొనిన రాత్రి వృత్తాంతమునకు ముందు వచ్చును. ఈ అర్పణను పరిశుద్ధపరచుమను మనవితో సాగును. మనవారు ఆ భాగమును విడిచి, రొట్టె విరుచుటలో నిన్ను మాకు తెలియపరచుకొనుమను ఎమ్మాయు మాటను చేర్చిరి. అన్ని సంఘముల వారికిని సమ్మతమగునట్లు చేసిన తెలివైన పని అని నా అభిప్రాయము.

ఆ స్పెయిను ఆరాధనకు మొజరబు ఆరాధన అని పేరు స్థిరపడినది. మొజరబు అనగా అరబ్బుల రీతి అలవడినవాడు. ముస్లిము రాజుల పాలనలో నివసించిన క్రైస్తవులను అట్లు పిలిచిరి. కాని ఆరాధన అంతకంటె పాతది. అరబ్బులు రాకముందు, విసిగోతు రాజుల కాలముననే అది పరిపక్వమైనది. దానికి సాక్ష్యముగా మిగిలిన పుస్తకములలో అన్నిటికంటె పాతది నేను చెప్పదలచినది. అందులో మన చిన్న ప్రార్థన లేదు, ఎందుకనగా అది బల్ల ఆరాధన పుస్తకము కాదు. ఉదయ సాయంకాల ఆరాధనల పుస్తకము. ఒకే ఇంటి పిల్లలు అనుకొనుడి.

క్రీ.శ. 700 ప్రాంతమున, లేక దానికి కొంచెము తరువాత, స్పెయిను తూర్పు తీరమున తర్రగోన పట్టణములో ఆ పుస్తకమును చేతితో వ్రాసిరి. కాగితము ఇంకను ఆ దేశములకు చేరలేదు. పశువుల తోలును సున్నపు నీటిలో నానవేసి, వెండ్రుకలు గీకి, చట్రమునకు బిగించి ఆరవేసి, పలుచని తెల్లని పుటలుగా చేసేవారు. మన పూర్వులు తాటియాకుపై గంటముతో వ్రాసినట్లే, వారు తోలుపై పక్షి ఈకతో వ్రాసిరి. తాటియాకు వ్రాత తెగులునకు, చెదకు లొంగును. రెండు మూడు తరములకొకసారి తిరిగి వ్రాయవలెను. తోలు పుట పన్నెండు, పదమూడు వందల ఏండ్లు నిలిచినది. ఇప్పుడది ఇటలీలో వెరోనా కెథడ్రలు గ్రంథాలయములో 89వ సంఖ్యతో ఉన్నది.

అందులో సంవత్సరము పొడుగున పండుగలకును, ఉపవాస దినములకును తగిన ప్రార్థనలు వెయ్యికి పైగా ఉన్నవి. వెయ్యి అనగానే విసుగు పుట్టించు జాబితా అనుకొనవద్దు. అవి ఎట్లు నడచునో గమనించుడి. మొదట ఒక కీర్తన పాడుదురు. ఆ కీర్తనకు ఒక పల్లవి ఉండును. చాలసార్లు అది కీర్తనలోనిదే ఒక వాక్యము. పాట ఆగిన వెంటనే గురువు లేచి, ఆ పల్లవిలోని మాటనే పట్టుకొని ప్రార్థించును. పల్లవిలో కాపరి అని వచ్చినచో ప్రార్థనలో కాపరి, గొఱ్ఱెలు, తప్పిపోయినవి వచ్చును. పల్లవిలో నీళ్లు అని వచ్చినచో ప్రార్థన నీళ్లలో నుండియే లేచును. అనగా పాడిన మాట గాలిలో పోకుండ, దానిని ప్రజల అవసరతగా మార్చి దేవుని యెదుట పెట్టుట.

మన సంఘములలో ఈ పద్ధతి లేదా? పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఒకటి పాడిన తరువాత పెద్ద ఒకరు లేచి, ఆ కీర్తన మాటలనే అందుకొని ప్రార్థన చేయుట మనము వినుచునే ఉన్నాము. మంచి ప్రార్థన చేయువారు ఎప్పుడును పాటను వినినవారే. తర్రగోన వారు ఆ ప్రార్థనలను పోనీయక వ్రాసి ఉంచిరి, అంతే.

వ్రాయుటకు మరొక కారణము కూడ ఉన్నది. క్రీ.శ. 633లో తొలేదో పట్టణములో నాలుగవ సభ కూడినది. సెవిల్లు అధ్యక్షుడైన ఇసిదోరు దానికి అధిపతి. ఒకే విశ్వాసము, ఒకే రాజ్యము గలవారు ప్రార్థనలోను పాటలోను ఒకే క్రమము పాటింపవలెనని ఆ సభ శాసించినది. తరువాతి తరములో తొలేదో అధ్యక్షుడైన జూలియను (మరణము 690) పాత ప్రార్థనలను దిద్ది, క్రొత్తవి చేర్చినాడు. ఆ ప్రార్థనలలో వాక్యము మీద గట్టి పట్టు కనబడును. అయితే ఒక చేదు సంగతి దాచరాదు. ఏక క్రమమును శాసించిన ఆ సభయే యూదుల మీద కఠినమైన కట్టడలును చేసినది. ఒకే క్రమము అను మాటలో ప్రేమయు ఉండవచ్చును, బలవంతమును ఉండవచ్చును. ఆ రెండును ఆ సభలో ప్రక్క ప్రక్కనే కూర్చున్నవి.

ఇసిదోరు మరొక మాట వ్రాసినాడు. స్వరములను మనుష్యులు జ్ఞాపకములో నిలుపుకొననిచో అవి నశించును, ఏలయనగా వాటిని వ్రాయుటకు వీలు లేదని ఆయన భావము. ఆయన కాలమున స్వరమును గుర్తులతో వ్రాయు విద్య వారికి లేదు. తరువాతి శతాబ్దములలో స్పెయిను వారు అక్షరముల పైన చిన్న చిన్న గుర్తులు పెట్టి స్వరములను వ్రాసిరి. లియోను పట్టణములో 10వ శతాబ్దపు పాటల పుస్తకము ఒకటి అట్టి గుర్తులతో నిండి ఉన్నది. కాని ఆ గుర్తులు రాగము ఎక్కుచున్నదో దిగుచున్నదో చెప్పునేగాని, ఎంత ఎక్కవలెనో చెప్పవు. వాటిని పాడగలిగినవారు పోయిరి. నేడు గొప్ప పండితులు ఆ పుటల ముందు కూర్చుండి, పాడలేక చూచుచున్నారు.

ఇది విన్నప్పుడు నాకు మన కీర్తనల పుస్తకము జ్ఞాపకము వచ్చును. ప్రతి కీర్తన తలమీద రాగము, తాళము అచ్చువేసి ఉన్నవి. మీలో ఎందరు ఆ రాగములో పాడగలరు? మన ముసలి తల్లులు కొందరు పాడగలరు. వారి తరువాత? కీబోర్డు వచ్చిన తరువాత అన్ని కీర్తనలును ఇంచుమించు ఒకే నడకలో పోవుచున్నవి. దీనికి యౌవనస్థులను మాత్రమే తప్పుపట్టను. నేర్పవలసిన మేము నేర్పలేదు.

ఆ పుస్తకము తర్రగోనది అని ఎట్లు తెలిసినది? వ్రాసినవాడు పేరు పెట్టలేదు. కాని ఏయే చోట ఏయే ప్రార్థన చేయవలెనో సూచించుచు ఆ పట్టణపు దేవాలయముల పేర్లు వ్రాసినాడు: పరిశుద్ధ యెరూషలేము అను దేవాలయము, పేతురు దేవాలయము, ఫ్రుక్తువోసు దేవాలయము. ఈ మూడవ పేరే ఊరిని పట్టి యిచ్చినది. ఫ్రుక్తువోసు తర్రగోన అధ్యక్షుడు. వలేరియను చక్రవర్తి హింసాకాలమున, క్రీ.శ. 259 జనవరి 21న, ఆయనను, అవుగూరియు, యులోగియు అను ఇద్దరు పరిచారకులను సముద్రపు ఒడ్డున ఉన్న రోమా క్రీడారంగములో సజీవముగా దహించిరి. మూడు వందల ఏండ్ల తరువాత అదే క్రీడారంగము నడుమ క్రైస్తవులు ఒక దేవాలయము కట్టిరి. దాని పునాదులు నేటికిని అక్కడ కనబడును. చంపిన చోటనే ఉదయ సాయంకాలములు ప్రార్థించుట! అట్టివారి చేతిలోని పుస్తకము ఇది.

క్రీ.శ. 711లో అరబ్బు, బెర్బరు సైన్యములు సముద్రము దాటి స్పెయినులో దిగినవి. రొద్రీకు రాజు ఓడిపోయినాడు. కొన్ని ఏండ్లలో తర్రగోన ప్రాంతము కూడ వారి వశమైనది. పుస్తకము ఎప్పుడు, ఎవరి చంకలో ఊరు దాటినదో వ్రాసిన సాక్ష్యము లేదు. అధ్యక్షుడు ప్రోస్పెరు అను ఆయన ఫ్రుక్తువోసు అవశేషములతో ఓడ ఎక్కి ఇటలీ లిగూరియ తీరము చేరెనని అక్కడి సంప్రదాయము. ఆ తీరమున ఫ్రుక్తువోసు పేరట ఒక పాత మఠము నేటికిని ఉన్నది. మన ప్రసంగీకులు కొందరు ఇట్టి కథలు దొరికినప్పుడు మంటలు, కత్తులు చేర్చి చెప్పుదురు. నేను చేర్చను. పుస్తకము తానే చెప్పుచున్నది చాలును.

మొదటి పుటలో ఖాళీ ఉన్నచోట కొన్ని వ్రాతలు ఉన్నవి. ఒకదానిలో సార్దీనియ ద్వీపమందలి కాల్యరి సంఘపు ఉద్యోగి ఫ్లావియు సెర్జియు పేరు కలదు. అనగా పుస్తకము సముద్రము దాటినది, ద్వీపములో ఆగినది. మరొక వ్రాతలో మవురేజో అనువాడు కలడు. వాడు ద్రాక్షారసపు కొట్టు చూచువాడు. ఒక కుండెడు ద్రాక్షారసమునకు పూచీ ఉన్నానని, లియుత్ ప్రాందు రాజు ఏలుబడి 20వ సంవత్సరమని వ్రాసి ఉన్నది. ఆ రాజు ఇటలీలోని లొంబార్దుల రాజు. ఆ సంవత్సరము 731 - 732 అగును. చూడుడి, పరిశుద్ధ ప్రార్థనల పుస్తకములో ద్రాక్షారసపు పూచీ! కొందరు పండితులు దీనిని చూచి నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు. మన ఇండ్లలో పెద్ద బైబిలు మొదటి పుట తెరచి చూడుడి. పిల్లల పుట్టిన తేదీలు, తాతగారి మరణము, ఎవరికో ఇచ్చిన ధాన్యపు బస్తాల లెక్క. నమ్మకమైన చోటనే మనుష్యుడు నమ్మకమైన మాట వ్రాయును. ఆ కొట్టువాని రెండు మాటల వలననే ఈనాడు పండితులు పుస్తకము ప్రయాణమునకు తేదీ కట్టగలిగినారు.

ఇంకొక వ్రాత ఉన్నది. దానిని 1924లో స్కియాపరెల్లి అను పండితుడు గుర్తించినాడు. 8వ శతాబ్దాంతమునకు గాని 9వ శతాబ్దారంభమునకు గాని చెందిన ఒక పొడుపు కథ అది. ఎద్దులను తోలుట, తెల్లని పొలము దున్నుట, తెల్లని నాగలి, నల్లని విత్తనము దానిలోని మాటలు. విప్పినచో వ్రాతగాడు అగును: ఎద్దులు వ్రేళ్లు, పొలము పుట, నాగలి ఈక, విత్తనము సిరా. లాటిను మారి ఇటలీ భాషగా పుట్టుచున్న వేళ పలికిన మొదటి మాటలలో ఇది ఒకటియని అనేకుల అభిప్రాయము. ఒక ప్రక్క మాట: మన తెలుగులో కలమళ్ల శాసనము క్రీ.శ. 575 ప్రాంతమునదే. వ్రాతలో మనమే పెద్దవారము! మరి ఆ పొడుపు కథను అర్థము చేసికొనుటకు మొగల్తూరు వానికి నిఘంటువు అక్కరలేదని ఒకప్పుడు చెప్పవచ్చును. ఇప్పుడు మన పిల్లలలో ఎద్దుల నాగలి చూచినవారు ఎందరు? పొలములు రొయ్యల చెరువులైనవి.

వెరోనా చేరిన తరువాతను పుస్తకమునకు విశ్రాంతి లేదు. ఆ పట్టణము అదిజె నది వంపులో ఉన్నది, మనము గోదావరి వంపులో ఉన్నట్లు. 17వ శతాబ్దములో వరద భయము వలన ఒక గురువు ప్రాచీన గ్రంథములను ఎత్తైన బీరువా పైన దాచెనని, 1630 నాటి తెగులులో ఆయన మరణింపగా ఆ చోటు ఎవరికిని తెలియకపోయెనని చెప్పుదురు. 18వ శతాబ్దారంభమున మఫ్ఫే అను పండితుని పూనికతో అవి తిరిగి బయటపడినవి. 1741లో బియాంకీని అను ఆయన మన పుస్తకమును మొదటిసారి అచ్చు వేయించినాడు. 1882లో అదిజె నిజముగానే పొంగి గ్రంథాలయములోని వేలకొలది పత్రములను తడిపినది. 1945 జనవరి 4న విమానముల బాంబులు పడి గ్రంథాలయపు భవనము కూలినది. పుస్తకములు మిగిలినవి, ఏలయనగా గ్రంథాలయాధికారి తుర్రీని గురువు ముందే వాటిని కొండల మీది ఎర్బెత్సో గ్రామ గురువు ఇంటికి తరలించి ఉంచినాడు. పల్లెటూరి గురువు ఇల్లు! ఈ మాట చదివినప్పుడు నాకు కలిగిన సంతోషము తోటి గురువులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతకును ఆ ఆరాధనను ఆపినది ఎవరు? చాలమంది ముస్లిములని అనుకొందురు. కాదు. వారి పాలనలో తొలేదో క్రైస్తవులు మూడు శతాబ్దములకు పైగా ఆ ప్రార్థనలను చేసికొనుచు వచ్చిరి. కష్టములు లేవని కాదు. పన్నులు ఉండెను, తక్కువ స్థానము ఉండెను. కాని పుస్తకము మూయబడలేదు. మూసినది క్రైస్తవులే. ఏడవ గ్రెగోరి పోపు ఒత్తిడి మీద కస్తీల్య రాజు ఆరవ అల్ఫోన్సో తన రాజ్యమంతట రోమా క్రమమే ఉండవలెనని ఒప్పుకొనగా, 1080లో బుర్గోసు సభ దానిని స్థిరపరచినది. రెండు పుస్తకములను మంటలో వేయగా పాత పుస్తకము కాలలేదని, అయినను రాజు వినలేదని ఒక కథ పుట్టినది. కథయే అయినను, ప్రజల దుఃఖము అందులో ఉన్నది. 1085లో తొలేదో అల్ఫోన్సో వశమైనప్పుడు అక్కడి కొన్ని సంఘములకు మాత్రము తమ పాత క్రమము నిలుపుకొనుటకు సెలవు దొరికినది. ఆ కొద్దిమంది పట్టుదల వలన 1500లో కార్డినలు సిస్నేరోసు ఆ బల్ల ఆరాధన పుస్తకమును అచ్చు వేయించగలిగినాడు. ఆ అచ్చు పుస్తకము పండితుల చేతికి వచ్చి, వారి నుండి మద్రాసులో కూర్చున్న మనవారికి చేరి, అక్కడ నుండి తెలుగులోనికి వచ్చి, మొగల్తూరు బల్ల దగ్గరకు వచ్చినది. 633లో బలవంతముగా నిలిపిన ఏక క్రమము 1080లో అట్టి బలవంతము చేతనే పడిపోయినది. 1950లో మనవారు మాత్రము ఈ క్రమమును ఏ సంఘము మీదను బలవంతముగా రుద్దలేదు. పాత క్రమములు వాడుకొనుటకు స్వేచ్ఛ నిచ్చిరి.

ఇక తమ్ముని ప్రశ్నకు వచ్చెదను. వ్రాసిన ప్రార్థన చచ్చిన ప్రార్థన కావచ్చును. నేనును అట్లు చదివిన ఆదివారములు మీకు తెలియక పోలేదు. కాని చూడకుండ చేయు ప్రార్థనయు ప్రతి వారము అవే పది మాటలు తిరుగుట లేదా? చూపు పూర్తిగా మందగించిన ఒక అవ్వ మన సంఘములో ఉన్నది. అక్షరము రాదు. ఆసుపత్రిలో ఆమెకు బల్ల ఇచ్చుటకు వెళ్లినప్పుడు నా కండ్లద్దములు మరచిపోయితిని. తడవుకొనుచుంటిని. ఆమె మంచము మీదనే చేతులు జోడించి, యేసును ప్రధాన యాజకుడా అని పిలుచు ఆ ప్రార్థనను మొదలుపెట్టి, నన్ను వెంట తీసికొనిపోయినది. ఆమె పుస్తకము చూచి చదువలేదు. పుస్తకమే ఆమెలో ఉన్నది. ఆ తమ్ముడు హృదయములో నుండి ప్రార్థింపవలెనన్నది సత్యమే. హృదయములోనికి ముందు ఏదో ఒకటి చేరవలెను గదా అని నేను అడుగుచున్నాను.

కడపట ఒక మనవి. మన దేవాలయపు చిన్న గదిలో ఒక రేకు పెట్టె ఉన్నది. మొన్న దానిని తెరచితిని. సగము చెద తినిన బాప్తిస్మపు రిజిస్టరు, అట్టలేని ఆరాధన క్రమములు రెండు, ఎవరో నోటు పుస్తకములో సిరాతో వ్రాసికొనిన పంట పండుగ ప్రార్థనలు కొన్ని దొరికినవి. అచ్చులో ఎక్కడను కనబడని ప్రార్థనలు అవి. ఊడ్పులు, ఉప్పు నీరు, గట్టు తెగుట అన్నియు అందులో ఉన్నవి. వ్రాసినవారి పేరు లేదు. 1986 వరదలోను, 1996 తుపానులోను ఇట్టివి ఎన్ని పోయినవో. మీ ఇండ్లలో తాతల నాటి చేతివ్రాత ప్రార్థనలు, కీర్తనలు, పాత క్రమములు ఉన్నచో వచ్చే ఆదివారము తెచ్చి నాకు చూపుడి. చిరిగినవైనను సరే, వెనుక ధాన్యపు లెక్కలు ఉన్నను సరే. ఆ లెక్కలు కొట్టివేయవద్దు. ఫోటోలు తీసికొని, ఎవరి పుస్తకము వారికే తిరిగి ఇచ్చెదను. కీర్తనలను పాత రాగములలో పాడగల తల్లులు శనివారము సాయంకాలము దేవాలయమునకు వచ్చినచో, ఆ తమ్ముడే తన ఫోనులో రికార్డు చేసెదనని ఒప్పుకొన్నాడు.